తాలుకాయల అక్షరాలు

పోయిన ఆదివారం మా అక్క మనవరాలు మధ్యాహ్నం భోజనానికి వచ్చింది. తిన్నంతసేపూ ఏదో ఆలోచనలో ఉండి, చేయి కడుక్కున్నాక అసలు సంగతి బయటపెట్టింది. ఆ పిల్ల డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉంది. గుంటూరులో ఒక ఆఫీసువాళ్లు వచ్చే నెల నుంచే ఉద్యోగంలో చేరమంటున్నారట. వేసవి అంతా పల్లెటూరి పిల్లలకు చదువు చెప్పే పనికి తను అంతకుముందే పేరు ఇచ్చి ఉందట, దానికి జీతం భత్యం ఏమీ లేవు. "నువ్వు అన్నిటికీ లెక్కేస్తావుగా తాతయ్యా, దీనికీ వేసి చెప్పు" అంది. నేను వేయలేదు. సరిగ్గా ఈ లెక్కనే ఎనభైల్లో నరసరావుపేటలో నేను ఒకసారి చాలా జాగ్రత్తగా వేసి ఉన్నాను. అది ఎలా తేలిందో ఆ పిల్లకు చెప్పినట్టే ఇక్కడా చెబుతాను. నా ఈడువాళ్లకు ఆ రోజుల ఎండ, ఊరి చివర మిరప కళ్లాల మీదుగా వచ్చే ఘాటు కొంతైనా గుర్తుండే ఉంటాయి.

మా నాన్న తాపీమేస్త్రి, ఇళ్లలో నాపరాళ్లు పరవడంలో మంచి చేయి అని పేరు. నాకు బడిలో లెక్కలంటే భయం, అందుకే కాలేజీలో చరిత్ర తీసుకున్నాను. నాకు వచ్చిన లెక్కలన్నీ సెలవుల్లో మా నాన్న వెనక తిరిగి నా అంతట నేను పట్టుకున్నవే. గది గుమ్మంలో నిలబడి, ఎన్ని పలకలు పడతాయో, గోడ వారన ఎంత ముక్క కోయాల్సి వస్తుందో మనసులోనే తేల్చడం మొదట ఒక ఆటగా ఉండేది. తర్వాత అది అలవాటై, ఇప్పటికీ ఏ పెళ్లికి వెళ్లినా పందిరి కింద ఎందరు పడతారో చూసుకున్నాక గాని అక్షింతలు చేతిలోకి తీసుకోను. మనుషులను కూడా అలాగే కొలవవచ్చని ఆ వయసులో నాకు ఒక నమ్మకం ఉండేది.

ఆ ఏడు క్లాసులు అయిపోయి పరీక్షలకు ఇంకా వ్యవధి ఉండగా, మా లెక్చరరు గారొకరు చదువుకున్నవాళ్లంతా చదువురాని వాళ్లకు నాలుగు అక్షరాలు నేర్పాలని చెప్పి, మమ్మల్ని తలా ఒకచోటికి పంపించారు. నాకు మిరప కళ్లం వచ్చింది. ఊరి బయట ఎండబోసిన కాయల మధ్య, తాటాకుల పందిరి కింద ఆడవాళ్లు వరసగా కూర్చుని తొడిమలు తీసేవాళ్లు, ఎరుపు చెడి తెల్లబడిన తాలుకాయలను పక్కకు ఏరేవాళ్లు. సాయంత్రం ఇళ్లకు పోతే వంట, నీళ్లు, పిల్లలు ఉంటారు గనుక, మధ్యాహ్నం అన్నాలు తిన్న తర్వాత పనిలోకి దిగేలోపు దొరికే కాస్త విరామమే మా బడి. వాళ్లలో ఒకావిడ మా వీధి ఆవిడే, మాకు చుట్టరికం లేకపోయినా నేను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి.

మొదటిరోజు పలకలు, బలపాలు పట్టుకుపోయాను. వాళ్లు గీసి, తప్పు పోయినప్పుడల్లా అరచేత్తో తుడిచి, పలకలు నాకు ఇచ్చారు. నేను ఆ పలకలు పట్టుకున్న చేత్తోనే మొహాన పట్టిన చెమట తుడుచుకున్నాను. పొద్దుటినుంచి మిరపకాయలు పిసికిన చేతులవి అన్న సంగతి నా లెక్కలోకి రాలేదు. కళ్లు రెండూ నిప్పులయ్యాయి. ఏమీ కనపడక నిలబడిన చోటే చిందులు వేస్తుంటే పందిరంతా నవ్వులు. "ఏమే, ఆ మజ్జిగ ముంత ఇట్టా తే, పంతులు మొదటిరోజే ఏడుస్తన్నాడు" అని పెద్దమ్మ కేకవేసి, మజ్జిగలో ముంచిన చెంగు నా కళ్ల మీద అద్దింది. వాళ్ల చేతులు రోజూ అలాగే మండుతాయని, ఇంటికి పోయి ఆముదం రాసుకుని పడుకుంటారని అప్పుడే తెలిసింది.

అక్కడితో పలకలు మూలపడ్డాయి. వాటి బదులు ఏం చేయాలో నాకు తోచలేదు గాని, వాళ్లలో ఎవరో ఎర్రకాయల మీద తాలుకాయలు పేర్చి, తేలికని నేను పలక మీద రాసి చూపిన 'ల' చేశారు. ఎర్రటి పరుపు మీద తెల్లటి అక్షరం దూరం నుంచి కూడా కనపడింది. మన అక్షరాలకు మిరపకాయ ఎంత బాగా కుదురుతుందో నేను అంతకుముందు ఎన్నడూ ఆలోచించలేదు. బాగా వంకరపోయిన కాయ కొమ్ముకు, తొడిమ తీయని కాయ తలకట్టుకు సరిపోయేవి. పని మొదలయ్యే వేళకు ఆ అక్షరం మళ్లీ తాలు రాశిలోకి పోయేది, చెరిపే శ్రమ కూడా ఉండేది కాదు.

పాఠం మాత్రం నేను వాచకంలో ఉన్న వరస ప్రకారం 'అ' నుంచి మొదలుపెట్టాను. రెండోరోజే పెద్దమ్మ అడ్డం తగిలింది. "ఒరేయ్ అబ్బాయ్, 'అ' అనే ఊరు ఏడన్నా ఉందంట్రా? దానికి బస్సు పోద్దా? పోనప్పుడు నాకెందుకది? నాకు గురజాల చెప్పు, చాలు."

ఆవిడ కూతుర్ని గురజాల ఇచ్చారు. పుట్టింటికి తీసుకురాకముందే తొలి కాన్పుకు కబురు వస్తే ఆవిడ ఒక్కతే బయలుదేరింది. గురజాల బస్సు ఎప్పుడూ బస్టాండులో సోడాకొట్టు ఎదురుగా నిలబడుతుంది గనుక, చదువురాని వాళ్లందరూ బోర్డు చూడకుండా ఆ చోటు చూసి ఎక్కేవాళ్లు. ఆ రోజు అక్కడ మరో బస్సు నిలబడి ఉంది. ఈవిడ ఎక్కి, కొంగు తలమీదికి లాక్కుని కునుకు తీసింది. లేచేసరికి సత్తెనపల్లి. తిరిగి వచ్చి గురజాల చేరేటప్పటికి కూతురు పురుడు పోసుకుని ఒక రాత్రి గడిచిపోయింది. ఆ సమయానికి తల్లి పక్కన లేదన్న మాట అత్తవారింట్లో ఇప్పటికీ అంటూనే ఉన్నారని ఆవిడ బాధ. ఇప్పుడు ఆ పిల్లకు మళ్లీ నెలలు నిండుతున్నాయి, ఉగాదికి అటూ ఇటూగా కాన్పు. ఈసారి ఎవరినీ అడక్కుండా బోర్డు చదివి ఎక్కాలని ఆవిడ పట్టుదల.

సరే, ఊళ్ల పేర్లే చెప్పసాగాను. అయితే ఒకరికి మాచర్ల కావాలి, ఒకరికి పెదకూరపాడు, ఇంకొకరికి పుట్టిల్లు పిడుగురాళ్ల. తలా ఒక అక్షరం చొప్పున వంతులవారీగా పోతుంటే పాతది మరపున పడేది, దాన్ని మళ్లీ పేర్చాల్సి వచ్చేది. ఎవరికి ఎంత వేగంగా ఎక్కుతుందో మనసులో అంచనా వేసుకునేవాణ్ణి. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలొకతె ఉండేది, ఏమడిగినా తల దించుకునేది తప్ప పలికేది కాదు. వాళ్లు ఆమెను నోరులేనమ్మ అని ఏడిపించేవాళ్లు. ఆమెకు ఏమీ రావడం లేదనుకుని నేను నా అంచనాలోంచి తీసేశాను.

అంతలో పిడుగురాళ్ల నుంచి కబురు వచ్చింది. అక్కడ రోడ్డు పక్కన నాపరాళ్ల డిపో ఉన్న షావుకారి ఇంట్లో మా నాన్న రాళ్లు పరిచినప్పుడు, నేను గుమ్మంలో నిలబడి చెప్పిన అంచనా ఆయనకు గుర్తుండిపోయిందట. కొలతలు చూసే గుమస్తా మానేశాడు, వచ్చే సోమవారం నుంచి రమ్మన్నాడు, పరీక్షలకు సెలవు ఇస్తానన్నాడు. ఆ రోజుల్లో డిగ్రీలు చేతిలో పెట్టుకుని అరుగుల మీద కూర్చున్నవాళ్లు ప్రతి వీధిలోనూ ఉండేవాళ్లు. మా నాన్నకు నడుము పట్టేసి వంగి పనిచేయడం కష్టమవుతోంది. ఇవన్నీ ఒకవైపు. రెండోవైపు, 'గు', 'ర' దాకా వచ్చి ఆగిన పెద్దమ్మ.

నేను లెక్క వేశాను. మా నడక చొప్పున ఉగాదికి గాని ఆవిడకు గురజాల పూర్తిగా నిలవదు. నేను పోతే అది సగంలో ఆగుతుంది. ఆగితే ఆవిడ మళ్లీ సోడాకొట్టు చూసి ఎక్కుతుంది. నా బదులు రమ్మని స్నేహితులను అడిగాను, మిరప ఘాటు పేరు చెప్పగానే అందరికీ పరీక్షలు గుర్తుకొచ్చాయి. పిడుగురాళ్ల వెళ్లి షావుకారును ఉగాది దాకా గడువు అడిగాను. ఆయన కోప్పడలేదు. లారీలు రోజూ వస్తాయనీ, సోమవారం నువ్వు రాకపోతే మంగళవారం ఇంకొకడు వస్తాడనీ మామూలుగా చెప్పాడు. ఇంటికి వచ్చి మళ్లీ లెక్కలో పడ్డాను. మా నాన్న కాసేపు చూసి, "ఏందిరా, పిలిచి పనిస్తానంటే గుమ్మంలో నిలబడి కొలతలేస్తన్నావ్? ఆళ్లేమన్నా నిన్ను ఉండమని అడిగారా?" అన్నాడు. అడగలేదు. నిజానికి అదే నాకు ఇంకా కష్టంగా ఉంది.

ఉద్యోగానికి పోవడానికే నిశ్చయించుకుని శనివారం కళ్లానికి వెళ్లాను. చెప్పాల్సిన మాటలు దారి పొడవునా కూర్చుకున్నాను గాని, వాటి అవసరమే రాలేదు.

"మొహం ఏందట్టా ఏలాడేసుకున్నావ్?" అంది పెద్దమ్మ. "మీ అమ్మ చెప్పిందిలే. పిడుగురాళ్ల పోతన్నావంటగా, పో. నువ్వు పోతే ఈ అచ్చరాలు నీ ఎనకమాల పరిగెత్తుకొస్తయ్యా?"

"ఆ పలకలు కూడా తీసకపో అబ్బాయ్, కళ్లు మండినప్పుడల్లా మేం గుర్తొస్తాం" అంది పక్కనున్న ఇంకొకావిడ. అందరూ నవ్వారు. నాకోసం ఎవరూ కళ్లనీళ్లు పెట్టుకోలేదు. పని మొదలైంది, తొడిమలు తుంచే చిన్న చప్పుడు మళ్లీ వరసంతా పాకింది. కొంచెం చిన్నబోయిన మాట నిజం.

డిపోలో పని త్వరగానే చేతికి వచ్చింది. నిలబెట్టిన రాళ్ల వరసలు కొలవడం, విరిగిన మూలలు తీసివేసి లారీకి అప్పజెప్పడం. సున్నపు బట్టీల దుమ్ము పడి సాయంత్రానికి కనుబొమ్మలు తెల్లబడేవి. డిపో ముందే బస్సులు ఆగేవి. గురజాల బోర్డు కనపడినప్పుడల్లా తల తిప్పుకునేవాణ్ణి. ఉగాది దగ్గర పడుతున్న ఒక ఉదయం టేపు పట్టుకుని వరసల మధ్య ఉండగా, ఆగిన బస్సు కిటికీలోంచి నాకు బాగా తెలిసిన గొంతు వినిపించింది.

"ఒరేయ్ అబ్బాయ్! ఇటు, ఇటు చూడు!"

పెద్దమ్మ. ఒళ్లో మూట, మొహం నిండా చెమట. నేను కిటికీ దగ్గరికి పరిగెత్తాను. "సోడాకొట్టు కాడ లేదురా బస్సు ఇయ్యాల. ఆ చివరాఖర్న పెట్టాడు సచ్చినోడు. అయినా ఎక్కా. ఎవర్నీ అడగలా. పైగా ఎవురో ముసలాయనకి నేనే చదివి చెప్పా, ఇది మాచర్ల పోదు దిగు అని."

'జా' ఎలా వచ్చింది పెద్దమ్మా, అది నేను చెప్పలేదుగా అన్నాను.

"నువ్వు చెప్పలా. మన నోరులేనమ్మ చెప్పింది. బడికి పోయే ఆళ్ల మరిదినడిగి, పుస్తకంలో చూసొచ్చి పేర్చింది. నువ్వెళ్లిన మర్నాటి నుంచీ ఆమే మాకు పంతులమ్మ. నీకు మల్లే గబగబా పోదు, చానా నిదానం. మాకదే బాగుంది."

కాన్పు అయిందా అని అడిగాను. "ఇంకా లేదు. ఈసారి ముందే పోతన్నాగా" అంది. బస్సు కదిలింది. ఆవిడ చెయ్యి ఊపలేదు, అప్పటికే ముందువైపు తిరిగి కూర్చుంది. ఆ పూట నేను కొలిచిన వరసను షావుకారు మళ్లీ కొలిపించాడు.

ఉండాలా పోవాలా అని వారమంతా తూచిన నేను, తక్కెడ రెండు తట్టల్లోనూ నన్నే వేసి తూచానని ఆ రోజు అర్థమైంది. ఆ కోడలు నా లెక్కలోనే లేదు.

మా అక్క మనవరాలు ఇదంతా ఓపికగానే విన్నది. విని, "ఎన్ని గంటలు చేశావు తాతయ్యా? సర్టిఫికెట్ ఇచ్చారా?" అని అడిగింది. ఇప్పుడు గంటల లెక్క ఉంటుందట, అది చూపిస్తే ముందుముందు ఉపయోగమట. తప్పేమీ లేదు, చేసిన పనికి గుర్తు ఉండాలని అందరికీ ఉంటుంది. ఎప్పుడో పరిచిన గదుల కొలతలు ఇప్పటికీ చెప్పగలను గాని, ఆ పందిరి కింద ఎన్ని మధ్యాహ్నాలు కూర్చున్నానో ఎంత ఆలోచించినా తేలలేదు. రెండింటిలో ఏది చేయాలో ఆ పిల్లకు నేను చెప్పలేదు. చదువు చెప్పబోయే ఊరికి ముందు ఒకసారి వెళ్లి, నీ బదులు చెప్పగలిగిన వాళ్లు అక్కడే ఎవరైనా ఉన్నారేమో చూసి రమ్మన్నాను. వాళ్లలో ఎవరైనా పలకకుండా తల దించుకుని కూర్చుంటే వాళ్లను మాత్రం లెక్కలోంచి తీసేయవద్దన్నాను.

కళ్లం ఉన్నచోట ఇప్పుడు ఇళ్ల స్థలాలు, హద్దురాళ్లు. పెద్దమ్మ పోయి చాలా ఏళ్లయింది. మొన్న పని మీద బస్టాండుకు వెళ్తే సోడాకొట్టు లేదు, బస్సుల నుదుటిన రంగు దీపాల అక్షరాలు ఒకదాని వెనక ఒకటి పరిగెత్తుతున్నాయి. జనం ఫోనుల్లో చూసుకుని ఎక్కుతున్నారు, తలెత్తి చదివేవాళ్లు తక్కువే. నేను మాత్రం నిలబడి గురజాల మొత్తం వచ్చి పోయేదాకా చదివాను. పెద్దమ్మే ఉంటే, ఆ అక్షరాలను ఒక్కచోట నిలబడమని కసిరి ఉండేది.