బొగ్గు, పీచు, ఇటుక ముక్కలు

ఏడో తరగతి నేను రెండుసార్లు చదివాను. మూడోసారి కూడా కూర్చోమన్నారు గానీ, ఒకే ఇంట్లో అన్నిసార్లు విస్తరి వేయించుకుంటే మర్యాదగా ఉండదని లేచి వచ్చేశాను. అందుకే బెంగళూరు అవతల పూల షెడ్డులో మూడేళ్లు సంచులు మోసినా, ఏ సంచి మీద ఏం రాసి ఉందో నాకు తెలియదు. నాకు తెలిసినవి రెండే రకాలు: బరువు సంచి, తేలిక సంచి. లోపల ఉన్నదంతా మట్టే అనుకున్నాను. తేలిక సంచిలో ఉన్నది చెట్టు బెరడు ముక్కలని రెండో ఏడు తెలిసింది. అదీ నా భార్య చెబితే.

ఆమె అసలు బడికే పోలేదు. అయినా మోసే పని నాది, కుండీలు నింపే పని ఆమెది. ఆ షెడ్డులో పెంచేవి ఆర్కిడ్ పూలు. వాటిలో ఒక రకాన్ని స్లిప్పర్ ఆర్కిడ్ అంటారు. పూవు ముందుభాగం చెప్పు ముక్కులాగా బోలుగా ఉంటుంది. నేను దానికి చెప్పు చెట్టని పేరు పెట్టాను. పని మానేసి ధరూర్ దగ్గర మా ఊరికి తిరిగి వచ్చేటప్పుడు, వాడిపోయిందని పారేయబోయిన మొక్కనొకదాన్ని ఆమె అడిగి తీసుకుంది. బస్సులో దారి పొడుగునా ఒళ్లోనే పెట్టుకుంది.

"గన్ని పూలుండంగ నీకు చెప్పే దొరికిందా తెచ్చుకోనీకె?" అన్నాను.

"ఇంట్ల నువ్వుంటివి గద. చేతికందెటట్టు ఒక్కటుండాలె," అంది.

అది ఆమె చేతిలో రెండుసార్లు పూసింది.

కిందటి వానాకాలంలో ఆమె పోయింది. జ్వరమని గద్వాల దవాఖానకు తీసుకుపోయాను, నాలుగో రోజున పోయింది. ఊరి బయట పూడ్చాం, మొదటి పిడికెడు మన్ను నేనే వేశాను. అంతకన్నా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నాకు ఏడుపు రాలేదు. ఓదార్చడానికి వచ్చినవాళ్లకు నేను జోకులు చెప్పాను. చాయ్‌లో చక్కెర తక్కువైందన్న పెద్దమనిషితో, "ఆమె ఉన్నప్పుడు గూడ గంతే ఏస్తుండె, తాగంగ తాగంగ అలవాటైతది" అన్నానట. ఆయన గ్లాసు పక్కన పెట్టి లేచిపోయాడట. తర్వాత మా తమ్ముడు చెప్పాడు. నాకు గుర్తులేదు.

మా అత్త, అంటే ఆమె తల్లి, కోడేరు దగ్గరి పల్లె నుంచి వచ్చి దినాలు అయ్యేదాకా మా ఇంట్లోనే ఉంది. నాతో మాట్లాడింది తక్కువ. ఊడ్చిన ఇల్లే మళ్లీ ఊడ్చేది. ఒకనాడు నీళ్ల తొట్టి పక్కన ఉన్న కుండీ ఆమె కంటబడింది. అందులో బొగ్గు ముక్కలు, కొబ్బరి పీచు, ఇటుక పెళ్లలు తప్ప మట్టి లేదు. బిడ్డ పెంచిన చెట్టును ఎవరూ పట్టించుకోక చెత్త పేరుకుపోయిందనుకుంది పాపం. చేనుకు పోయి కొంగులో నల్లరేగడి మూటగట్టుకొచ్చి, కుండీ నిండా పోసి, అరచేత్తో అదిమి, చెంబెడు నీళ్లు పోసింది. నేను గడప మీద కూర్చొని చూస్తూనే ఉన్నాను. వద్దనాలని తెలుసు. అనలేదు.

ఈ చెట్టు రాళ్ల సందుల్లో, రాలిన ఆకుల మీద బతికే జాతి. నీళ్లు దాచుకునే లావు కాడలు దీనికి లేవు, కాబట్టి పూర్తిగా ఎండితే చస్తుంది. వేర్లకు గాలి ఆడకపోతే కుళ్లుతుంది. రేగడి సంగతి మా జిల్లాలో ఎవరికైనా తెలుసు. తడిస్తే బంక, ఎండితే నెర్రె. పత్తికి అది బంగారం, దీనికి మాత్రం గొంతు మీద కాలు.

నెల దాటాక ఆకులు పసుపెక్కాయి. కుండీ దగ్గర మురుగు వాసన వచ్చింది. బోర్లించి కడిగి చూస్తే వేర్లు గోధుమరంగు తొక్కల్లా చేతికి ఊడి వచ్చాయి. గట్టిగా మిగిలినవి రెండే వేర్లు, వాటి మీద ఒకే పిలక. నా భార్య చేతి మీద బతికినవి మా ఇంట్లో రెండే, నేనూ అదీ. మాకు పిల్లలు లేరు. ఈసారి తప్పు కలిపితే ఆ ఒక్కటీ పోతుంది.

మరి ఆమె ఏది ఎంత కలిపేది? పక్కనే కూర్చొని అన్నేళ్లు చూసినవాణ్ని. చూశానంటే, పక్కన కూర్చొని మాటలు చెప్పాను. చేతులు చూడలేదు.

పిలకను తడి గుడ్డలో చుట్టి నీడన పెట్టి, ఊరికొచ్చాక తోలుకుంటున్న నా ఆటో తీసుకొని వనపర్తి నర్సరీకి పోయాను.

"ఏం చెట్టుకన్నా?" అన్నాడు నర్సరీ అతను.

"చెప్పు చెట్టుకు."

"చెప్పులు గిట్ల చెట్లకు కాస్తయా?"

"మా ఊర్ల కాస్తయి. నీ కాలు నంబరు చెప్పు, జత తెస్త."

అతను నవ్వాడు. నేనూ నవ్వాననుకుంటా. కొబ్బరి పీచు పొడి సంచి ఇచ్చి, ఏ చెట్టుకైనా ఇదే అన్నాడు. తిరిగి వస్తూ ఎక్కించుకున్న ముసలామె సంచి చూసి, "పైసలు పెట్టి పొడి కొంటరా బిడ్డా? మిల్లుల పల్లి పొట్టు ఉత్తగనే ఇస్తరు, గది ఎయ్యి" అంది. పల్లి పొట్టూ తెచ్చాను. నాగర్‌కర్నూల్ బస్టాండు దగ్గర కొబ్బరి బోండాల బండివాణ్ని అడిగి ఎండిన పీచు డొక్కలు, గద్వాలలో ఇస్త్రీ చేసే అతన్ని అడిగి బొగ్గు తెచ్చాను. ఇటుక మా గోడే ఇచ్చింది.

మొక్క లేకుండానే నాలుగు నీళ్ల సీసాలు సగానికి కోసి, అడుగున బొక్కలు పెట్టి, ఒక్కోదాన్లో ఒక్కోటి నింపి నీళ్లు పోశాను. వారం చూశాను. ఆ వారం ఆటో తోలాను, అన్నం తిన్నాను, పొద్దున లేచి సీసాల్లో వేలు పెట్టాను. కొబ్బరి పీచు పొడి వారమైనా అడుగున బురదగానే ఉంది. పల్లి పొట్టు మెత్తబడి పులిసింది. ఇటుక ముక్కలు ఒక్క పూటకే ఆరిపోయాయి. డొక్క ముక్కల్లో బొగ్గు కలిపిన సీసా ఒక్కటే లోపల తడిగా, పైన పొడిగా ఉంది. అయినా ఏది ఎంతన్నది తేలలేదు.

ఆ ముక్కల్ని చేత్తో కలుపుతుంటే ఒకటి గుర్తొచ్చింది. ఆమె కలిపినదాన్ని పిడికిట్లో పట్టి గట్టిగా పిసికేది. షెడ్డులో కొత్తగా చేరిన ఆడవాళ్లకు చెప్పేది: "నీళ్లు కారొద్దు. చెయ్యి సల్లగ కావాలె. గంతే." అదే ఆమె కొలత.

డొక్కల్ని గోరంత ముక్కలుగా కోసి, ఉప్పు పోయేదాకా మూడు రోజులు నీళ్లు మార్చి నానబెట్టాను. బొగ్గు కలిపి పిసికితే నీళ్లు కారాయి. ఇంకాస్త బొగ్గు, కొంచెం ఇటుక వేశాను. మళ్లీ పిసికాను. పొద్దు గూకేవేళకు చెయ్యి చల్లబడింది, బొట్టు కారలేదు. ఇప్పుడన్నా ఏమైనా అవుతుందేమోనని అట్లాగే పిడికిలి పట్టుకొని కూర్చున్నాను. ఏమీ కాలేదు. చెయ్యి చల్లగా ఉంది, అంతే. చిన్న కుండీలో పిలకను పెట్టేశాను.

రెండు నెలలకు నడుమ నుంచి గోరంత ఆకు మొన వచ్చింది. ఆ వారమే మా అత్త వచ్చింది. చెప్పులు విడవకముందే కుండీలోకి తొంగి చూసింది.

"మన్నేది అల్లుడా?"

"తీసేసిన."

"గంత మంచి రేగడి మోసుకొచ్చి పోస్తి. ఎందుకు తీసినవు?"

నిజం చెప్పొద్దని ముందే అనుకున్నాను. "నీ రేగడికి బలమెక్కువ అత్తా, చెట్టుకు అజీర్తి చేసింది," అన్నాను.

ఆమె నవ్వలేదు. వంగి, కొత్త ఆకును వేలి కొసతో ముట్టుకుంది. నేనే మళ్లీ అన్నాను.

"దీనికి మన్ను పడదు అత్తా."

ఆమె నా వైపు తిరిగింది.

"మరి నా బిడ్డకు పడ్తదనే ఏసినవా?"