స్టీలు తూటాకు చింతపండు

"చింతపండు పెట్టమన్నది నువ్వే కదమా!"

"ఇత్తడికి పెట్టమన్నా. ఇనుముకు పెట్టమన్నానా?"

"రెండూ పచ్చగానే కనపడతాండాయి. నువ్వైతే ఏం కనుక్కుంటావ్?"

"రోజంతా వాటి మధ్యలోనే కూచుంటావు. నీకే తెలీకపోతే ఎట్ల మే?"

"తెలీక కాదు మా. అయస్కాంతం పెట్టి ఏరొద్దు, అన్నీ కలిపే కడుగు అని సూపర్‌వైజరే చెప్పినాడు."

నా కూతురు దోహాలో ఒక షూటింగ్ క్లబ్బులో పని చేస్తుంది. కాల్చాక మిగిలిన తూటాల ఖాళీ గొట్టాలను అక్కడ కడిగి, మళ్ళీ మందు నింపి వాడతారు. ఆ పని జరిగే గదిలో దాని డ్యూటీ. నేను పగలంతా ఐన్ ఖాలిద్‌లో మనవాళ్ళ ఇంట్లో వంట చేసి, సాయంత్రానికి ఫరీజ్ బిన్ మహమూద్‌లోని మా గదికి చేరతాను. ఆ రోజు మోకాళ్ళు పట్టేసి ఉన్నాయి. చెప్పులు విప్పకముందే ఈ గొడవ మొదలైంది.

రెండో తరగతితో బడి మానినదాన్ని. తూటాల గురించి నాకు తెలిసిందంతా కూతురు చెప్పగా విన్నదే. ఇత్తడి గొట్టం కాల్చినప్పుడు కొంచెం సాగుతుందట. అచ్చులో పెట్టి నొక్కితే మళ్ళీ తన కొలతకు వస్తుందట. స్టీలుది అట్లా లొంగదు. మొరాయిస్తుంది, మూతి దగ్గర చీలుతుంది. అందుకని స్టీలువి ఏరి తుక్కులో వేసేవాళ్ళు. కొత్త సరుకు రావడం ఆలస్యమైందని ఈసారి అవి కూడా నింపమన్నాడు సూపర్‌వైజరు. వాటికి పైన ఇత్తడి పూత ఉంటుంది, చూస్తే తేడా తెలియదు.

మెరుగు పెట్టే మిషను చెడిపోయి ఉంది. బాగు చేసేదాకా ఎందుకు కాచుకోవాలి, చింతపండు నీళ్ళలో వేస్తే ఇత్తడి బిందెలు తళతళలాడవా అని నేనే ఒక పొట్లం కట్టిచ్చాను. కూతురు అన్నీ కలిపి నానేసి వచ్చింది. పొద్దున పోయి చూస్తే ఇత్తడివి మెరుస్తున్నాయి. స్టీలువి పూత పోయి ఎర్రగా తుప్పు పట్టాయి. సూపర్‌వైజరు ఆ రోజు సెలవు. రేపు వచ్చి చూస్తాడు. దాని ఉద్యోగం పోతే ఊళ్ళో హాస్టల్లో ఉన్న మనవరాలి చదువు ఆగిపోతుంది. ఇద్దరి భయమూ అదే.

"పీచు పెట్టి తుప్పు రుద్దేయ్. నోరు మూసుకోని నింపు" అన్నాను.

"నింపినాక చీలితే?"

"వాళ్ళ తూటా, వాళ్ళ తుపాకి. నడమ నీదేం పోయె?"

"డబ్బా మీద నా సంతకం ఉంటాది మా."

"పెట్టొద్దు."

"పెట్టకుంటే డ్యూటీ మాఫీ, పని లేదు పో అంటాడు. నీ మాదిరి ఇండ్లలో వాళ్ళు యల్లా, బిరీన రా అంటే పరిగెత్తి పరిగెత్తి నా మోకాళ్ళు కూడా పోవల్లనా?"

బియ్యం కడిగాను. కడుగునీళ్ళు పారబోయకుండా గిన్నెలో పట్టి పెట్టాను. అప్పుడు అడిగాను.

"కాల్చేటప్పుడు ఆ చీలేది యాడుంటాది?"

కూతురు లేచి చీపురు తీసుకొని భుజానికి ఆనించింది. దాని మీద చెంప పెట్టి ఒక కన్ను మూసింది. "ఇదో, ఇక్కడ. కంటి ముందరే."

"ఎవరు కాలుస్తారు?"

"ఎవరెవరో వస్తారు. శనివారం ఆడపిల్లోళ్ళు నేర్చుకునేకి వస్తారు. మన పాప ఈడోళ్ళు."

వస్తువు పారేయడమంటే నాకు ఒళ్ళు మంట. ఇంట్లో చిరిగిన బనీను మసిగుడ్డ కావలసిందే. అన్ని గొట్టాలు తుక్కులో పోతాయంటే ఇప్పటికీ మనసు ఒప్పదు. ఎసట్లో బియ్యం పోసి మూత పెట్టాను.

"పొద్దున పోతానే చెప్పు. స్టీలువి నింపను అను. చింతపండు సంగతి కూడా చెప్పు, చెడిపోయిన మిషను మీదికి తోయొద్దు."

"తీసేస్తే?"

"ఇంకో ఇంట్లో పని పట్టుకుంటా."

"ఈ వయసులోనా?"

"ఏం, వంట చేసేకి వయసడుగుతారా? పళ్ళేలు పెట్టు."

మరుసటి రోజు పొద్దున కూతురు వెళ్ళి చెప్పింది. సూపర్‌వైజరు గొట్టాలు చేతిలోకి తీసుకొని చూశాడట. స్టీలువన్నీ తుక్కు డ్రమ్ములో పోయించాడు. దాన్ని ఆ ఏసీ గదిలోంచి తీసి, బయట ఎండలో ఖాళీ గొట్టాలు ఏరే డ్యూటీకి పంపాడు. ఫోను చేసి చెప్పింది. నెత్తికి గుడ్డ కట్టుకోమన్నాను.