రాజుగారి దిష్టి చుక్క

అమెరికాలో, టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మా బాబాయి ఇంట్లో ఉండి ఎమ్మెస్ చదువుతున్న రోజుల్లో, ఆ ఇంట్లో నాకంటే గౌరవం దక్కిన మగాడు ఒక్కడే. ఆయన పోయి రెండు వేల ఏళ్ళు కావస్తోంది. శాతవాహన రాజు.

"మూడు సముద్రాల నీళ్ళు తాగిన గుర్రాలురా ఆయనవి!" అనేవాడు బాబాయి, భోజనానికోసారి. ఉప్పునీళ్ళు ఏ గుర్రం తాగుతుందన్నది నా డౌటు. అడిగిన రోజున పెరుగు గిన్నె నా వైపు వచ్చేది కాదు.

పార్కులో ఆ రాజుగారి కంచు విగ్రహం పెట్టించాలని బాబాయి నాలుగేళ్ళు సిటీ ఆఫీసు చుట్టూ తిరిగాడు. మూడు సముద్రాలు చూసినాయనకి ఆఖరికి బాతుల చెరువు ఒడ్డున, పిక్నిక్ బల్ల పక్కన కాస్త జాగా దొరికింది. శనివారం ఆవిష్కరణ. ముందురోజు సిటీ ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చి, విగ్రహం తాము ఒప్పుకున్న డ్రాయింగ్‌లో ఉన్నట్టే ఉందని సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఆవిష్కరణ లేదు.

శుక్రవారం ఆవిడ క్లిప్‌బోర్డుతో వచ్చింది. బాబాయి, పిన్ని, నేను ముసుగు పైకెత్తి పట్టుకున్నాం. కత్తి ఉంది, కిరీటం ఉంది, మీసం ఉంది. ఎడమ బుగ్గ దగ్గర ఆవిడ పెన్ను ఆగిపోయింది. నల్లగా, గుండ్రంగా, రూపాయి బిళ్ళంత మచ్చ.

"ఇది డ్రాయింగ్‌లో లేదు" అంది ఇంగ్లీషులో. "ఎవరో గ్రాఫిటీ వేశారు. పోలీస్ రిపోర్టు ఇవ్వాలి. రేపటి ఈవెంట్ కష్టం."

బాబాయి గుండె పట్టుకుని బల్ల మీద కూలబడ్డాడు.

"చూశావుట్రా! చరిత్ర మొహాన మసి పూశారు! ఊళ్ళో ఆ రెండో తెలుగు అసోసియేషన్ వాళ్ళ పనే ఇది. కుట్ర!"

"కుట్ర చేసేవాళ్ళు ఇంత గుండ్రంగా వెయ్యరు బాబాయ్" అన్నాను.

పిన్ని అప్పటికే చెరువు వైపు తిరిగి బాతుల్ని చూస్తోంది. పిన్నికి బాతులంటే ఇష్టమని నాకు అంతవరకూ తెలీదు.

"పిన్నీ..."

"నా వంక చూస్తావేంట్రా?" అని గొంతు తగ్గించింది. "నిన్న ముసుగు వెయ్యకముందు చూస్తే ఎంత కళగా ఉన్నాడో! రేపు అంతమంది కళ్ళు పడతాయి కదా. దిమ్మె ఎక్కి కాటుక పెడితే కంచు మీద నిలవలేదు. అందుకని పర్మనెంట్ మార్కర్‌తో పెట్టా."

బాబాయి లేచాడు. "అన్ని యుద్ధాలు గెలిచినవాడికి దిష్టేంటే!"

"గెలిచినవాళ్ళకేగా తగిలేది! ఓడినవాణ్ణి ఎవరు చూస్తారండీ?"

లేచిన బాబాయి మళ్ళీ కూర్చున్నాడు. ఆ ఇంట్లో అది కొత్త సంగతి కాదు.

అది చెడుచూపు తగలకుండా మావాళ్ళు చంటిపిల్లలకి పెట్టే చుక్క అని సిటీ ఆవిడకి వివరించాను.

"చంటిపిల్లలకా?" అని ఆవిడ రాజుగారి మీసం వంక చూసింది. "సరే, గ్రాఫిటీ కాదు, ఒప్పుకుంటాను. కానీ విగ్రహం డ్రాయింగ్‌లా లేదు కదా?"

"డ్రాయింగే విగ్రహంలా ఉంటే?" అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. ఆ ఆఫీసులో ఏదైనా క్షణంలో తేలడం అదే మొదటిసారని బాబాయి తర్వాత ఒట్టేసి చెప్పాడు. క్లిప్‌బోర్డు మా ముందుకు చాచింది. పిన్ని హ్యాండ్‌బ్యాగ్‌లోంచి మార్కర్ తీసి, కాగితం మీది రాజుగారి ఎడమ బుగ్గన చుక్క పెట్టింది. దాని పక్కనే సిటీ ఆవిడ పొడి సంతకం. కింద అసలు సంతకం.

శనివారం ముసుగు జారగానే ముందు ఆంటీలు కనిపెట్టారు. "అయ్యో, దిష్టి చుక్క కూడా పెట్టారే!" అని చప్పట్లు కొట్టారు.

బాబాయి మైకు సవరించుకుని, గంభీరంగా అన్నాడు: "ఆ చుక్క వెనక పెద్ద చరిత్ర ఉంది."

ఉంది. గురువారం నుంచీ.