ముఖం లేని ఫోటో

ఒకే మనిషికి రెండు వందల పన్నెండు ఫోటోలు తీసి, ఆయన ముఖం మాత్రం తీయకుండా ఇంటికొచ్చిన ఘనుణ్ణి నేను. ఆ ఘనకార్యం చెబుతాను, నవ్వండి, ఫర్వాలేదు. నాకూ నవ్వొస్తుంది కానీ సగం దాకా వచ్చి ఆగిపోతుంది.

హిందూపురంలో మాదొక ఫోటో క్లబ్బు. ఏడుగురం. నేనప్పుడే కెమెరా కొన్నాను. దాన్ని మెడలో వేసుకుంటే పెళ్ళికొడుకు దండ వేసుకున్నంత బిగువు. కళ్ళద్దాల షాపు రఫీ మాకు పెద్ద. నెలకో సవాలు విసిరేవాడు. ఆ నెలది: "ముఖం కనపడకుండా మనిషిని చూపించాల."

రైలెక్కి ధర్మవరం పోయాను. నారాయణప్ప అనే ముసలి నేతగాడు మగ్గం మీద పట్టుచీర నేస్తున్నాడు. ఫోటో అనగానే లేచి ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

"తల పక్కకి పెట్టు పెద్దాయనా, అడ్డమొస్తాండాది," అన్నాను.

"నా ఫోటోకి నా తలే అడ్డమా? ముఖం లేని ఫోటో ఏంటికప్పా?"

"పోటీ అట్ల పెట్టినారు."

"పెట్టినోళ్ళకి ముక్కు లేదా ఏమి?"

ఆయన భార్య ఓబులమ్మ, కూతురు పద్మ పగలబడి నవ్వారు. నేను మాత్రం మహా కళాకారుడిలా నేలమీద వెల్లకిలా పడుకుని, దారాల మధ్య తిరిగే ఆ చేతుల్ని తీశాను, తీశాను, తీస్తూనే ఉన్నాను. ముఖం ఫ్రేములోకి వస్తే ఈగను తోలినట్టు తోలాను.

చివర్లో ఆయన మొహమాటంగా అడిగాడు. "ముఖంతో ఒకటి తీయప్పా. మంచిది ఒక్కటీ లేదు మా ఇంట్లో."

బ్యాటరీ అయిపోవచ్చింది. "వచ్చే ఆదివారం వస్తా. దానికోసమే వస్తా," అని, పద్మకు నా ఫోన్ నంబరు ఇచ్చి వచ్చాను.

ఆ ఆదివారం క్లబ్బు వాళ్ళందరూ పెనుకొండ కోటకు బయల్దేరారు, నేనూ పోయాను. తర్వాత నేను తీసిన ఆ చేతుల ఫోటోకి మొదటి బహుమతి వచ్చింది. ఆ ఊపులో ధర్మవరం మరిచాను.

రెండు నెలలకి పద్మ ఫోన్ చేసింది. "అన్నా, నాయన పోయినాడు. శానా ఫోటోలు తీస్తివి గదా, మంచిదొకటి పంపన్నా. పటం కట్టించాల."

రెండు వందల పన్నెండూ వెతికాను. చేతులు, మళ్ళీ చేతులు. ఒకదాంట్లో చెవి. ఒకదాంట్లో గడ్డం, అదీ మసగ్గా. ఫోన్లో చెప్పే ధైర్యం లేక, బహుమతి ఫోటోనే పెద్దది చేయించి తీసుకుపోయాను.

ఓబులమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఈ మచ్చ చూడు పాపా," అంది కూతురితో. "పెండ్లైన కొత్తలో నేను పాలగిన్నె దించలేకుంటే అడ్డమొచ్చి కాల్చుకున్నాడు." వేలితో ఆ మచ్చను తడిమింది. తర్వాత తలెత్తి నన్ను చూసింది. కోపం లేదు. ఉంటే బాగుండేది.

"అంతసేపు కింద పడుకోని తీస్తివి గదప్పా. ఆ డబ్బాను జానెడు పైకెత్తలేకపోతివా?"

కాబట్టి మహాజనులారా, కెమెరా మీద చెయ్యి వేసి శపథం చేస్తున్నాను. సవాలు పూలదైనా, నీడలదైనా, కుక్కపిల్లలదైనా సరే, ముందు ఎదురుగా ఉన్న మనుషుల ముఖాలు తీసి, వాళ్ళ చేతికి ఇచ్చాకే తక్కినవి. మొన్న వాన చినుకులు తెమ్మంటే పరిగి నుంచి పద్నాలుగు ముఖాలు తెచ్చాను.

"చినుకులు యాడబ్బా?" అన్నాడు రఫీ.

"వాన మళ్ళా వస్తాది లేప్పా," అన్నాను.