రామ్మోహనరావుగారి జోస్యం

రామ్మోహనరావుగారు గెలుస్తుందన్న పార్టీ గెలిచిన దాఖలా మాదాపూర్‌లో లేదు. పార్లమెంటు ఎన్నికలు వచ్చాయంటే ఆ రిటైర్డ్ తహసీల్దారు అపార్ట్‌మెంట్ లిఫ్టులో మకాం పెట్టి, ఎక్కినవాళ్ళందరికీ జోస్యం చెప్పేవారు. ఆయన దీవించిన పార్టీవాళ్ళు మర్నాటి నుంచి మెట్లెక్కి వెళ్ళేవారు.

ఈసారి ఆ దీవెన భవాని నెత్తిన పడింది.

"రాసిపెట్టుకోమ్మా, ఢిల్లీ మీవాళ్ళదే."

"దండం పెడత అంకుల్. ఆ మాట జర వేరేటోళ్ళకు చెప్పుండ్రి."

పాపం, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూనే శని, ఆదివారాలు ఎండలో పడి శేరిలింగంపల్లి గల్లీలన్నీ తిరిగి ప్రచారం చేసిన పిల్ల. మూడో అంతస్తు నారాయణప్పది ఎదుటి పార్టీ. "లెక్కింపు రోజు క్లబ్‌హౌసులో పెద్ద టీవీ పెడతాండారు. ముందు వరసలో కూర్చో పాపా, నీ మొగం చూడల్ల" అని ఆయన అప్పుడే పిలిచేశాడు.

తీరా ఆ రోజు మధ్యాహ్నానికే భవాని పార్టీ చతికిలపడింది. రాకపోతే పారిపోయిందంటారని వచ్చి ముందు వరసలోనే కూర్చుంది. నారాయణప్ప గొంతు సవరించుకున్నాడు.

సరిగ్గా అప్పుడే రామ్మోహనరావుగారు భవాని పార్టీ కండువా మెడలో వేసుకుని, చేతిలో స్వీటు డబ్బాతో, వెనక డప్పులవాళ్ళతో ఊడిపడ్డారు.

"మనవాళ్ళ ప్రమాణస్వీకారం ఎప్పుడటండీ?"

హాలంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. నారాయణప్ప దాచుకున్న వెటకారమంతా ఆయన మీదే కుమ్మరించాడు.

"సామీ, మీ నోటి చలవే మేం గెల్చింది. వచ్చేసారి గూడా వాళ్ళ పక్కే ఉండండి."

"తొందరపడకండి, ఇంకో రౌండు ఉందేమో" అన్నారాయన అమాయకంగా.

మళ్ళీ నవ్వులు. భవాని వైపు చూసినవాడు లేడు. ఆమెకీ నవ్వాగలేదు.

"సరే, గెలిచినవారి నోరైనా తీపి చేద్దాం" అంటూ ఆయన డబ్బా విప్పారు.

నారాయణప్ప వెనక్కి జరిగాడు. "నాకు షుగరు సార్."

"తెలుసండీ, ఇది చక్కెర లేకుండా చేయించిందే. ముందుగా చెబితేగానీ చెయ్యరట" అని రామ్మోహనరావుగారు నాలుక్కరుచుకున్నారు.

నారాయణప్ప నమలడంలో పడి వినిపించుకోలేదు. భవాని విన్నది. ఆయన్ను పక్కకు పిలిచింది.

"అంకుల్, ఎవరు గెలుస్తరో మీకు ముందే ఎరుక."

"సర్వీసంతా ఎన్నికల డ్యూటీలే చేశానమ్మా, ఆమాత్రం తెలియదూ? ఓడినవాళ్ళకి ఎలాగూ కష్టమే. పైగా నవ్వులపాలు కూడా ఎందుకు? అదైతే నాకు అలవాటే."

భవానికి ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

మొన్న కార్పొరేషన్ ఎన్నికల మాట బయటికొచ్చింది. "ఈసారీ మీదే నారాయణప్పగారూ!" అన్నారు లిఫ్టులో రామ్మోహనరావుగారు. ఆ సాయంత్రం నుంచి నారాయణప్ప మెట్లెక్కుతున్నాడు. భవాని మాత్రం స్వీట్లకు ఆర్డరిచ్చేసింది. అందులో ఓ డబ్బా చక్కెర లేకుండా.