కడిగి ఇచ్చిన కంప్యూటర్

తార్నాకలో దుకాణం పెట్టుకుని మా యూనివర్సిటీ వాళ్ల థీసిస్‌లు టైప్ చేసే భూదేవక్కకు ఒక పట్టింపు ఉంది. ఎవరికీ ఎంగిలి గిన్నె ఇవ్వదు. ఏది ఇచ్చినా తళతళా తోమే ఇస్తుంది. ఆ పట్టింపే నా కొంప ముంచబోయింది.

కొత్త కంప్యూటర్ కొన్నాక పాతదాన్ని అంబర్‌పేట్‌లో ఉండే ఇమ్మానుయేల్ అన్నకు ఇచ్చేసింది. చర్చికి వచ్చే పిల్లలకు ఆయన టైపింగ్ నేర్పుతాడట. ఇచ్చే ముందు మా ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి తీసి, లోపల ఒక్క అక్షరం మిగలకుండా ఫార్మాట్ చేయించింది. తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ లైసెన్స్ మాత్రం ఆ పాతదాని మీదే ఉండిపోయింది. కొత్తదాంట్లో వేస్తే, ఇది వేరే కంప్యూటర్‌లో ఉంది, ముందు అక్కడ విడిపించండి అని మొరాయించింది. నా థీసిస్ ఆ సాఫ్ట్‌వేర్‌లో తప్ప తెరుచుకోదు. మర్నాడు సాయంత్రంతో గడువు ఆఖరు. దాటితే నా రిజిస్ట్రేషన్ రద్దు.

నాకు ఒళ్లు మండిపోయింది. తుడిపించే ముందు ఒక్క మాట ఎవరినన్నా అడగొద్దా అని నోటికొచ్చినట్టు అరిచాను. కంపెనీకి ఫోన్ చేస్తే అక్కడి అమ్మాయి దారి చెప్పింది. పాత కంప్యూటర్‌లోనే సాఫ్ట్‌వేర్ మళ్లీ వేస్తే లైసెన్స్ దాన్ని గుర్తుపడుతుందట, అప్పుడు విడిపించుకోవచ్చట. లోపలి భాగాలు మాత్రం మార్చి ఉండకూడదట.

ఇచ్చిన వస్తువు కోసం మళ్లీ వాళ్ల గడప తొక్కడమంటే అక్కకు తల కొట్టేసినట్టే. ఆటోలో దారంతా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

"ఏమనుకోకు అన్నా, ఇచ్చినదాని కోసం మల్ల వచ్చిన," అంది ఇమ్మానుయేల్ అన్న గుమ్మంలో తల వంచుకుని.

"కంప్యూటర్ నాకిచ్చినవ్ గని, లైసెన్స్ నీదే గదా చెల్లె. తీస్కపో," అన్నాడాయన.

అదృష్టం బాగుండి ఆయన దాన్ని ఇంకా విప్పలేదు. అక్కడే సాఫ్ట్‌వేర్ వేశాం. లైసెన్స్ దొరికింది, విడిపించాం. దుకాణానికొచ్చి కొత్తదాంట్లో వేస్తే నా థీసిస్ ఒత్తులతో, గుణింతాలతో సహా చక్కగా తెరుచుకుంది. హమ్మయ్య! పోయిన ప్రాణం లేచొచ్చింది. అక్క మాత్రం కుర్చీలో కూర్చోకుండా తెరనే చూస్తూ నిలబడింది.

"నీ ఏండ్ల కష్టమంత నా చేతులతోని తుడిచేసిన అనుకున్న బిడ్డా," అంది.

మర్నాడు డిపార్ట్‌మెంట్‌లో థీసిస్ ఇచ్చేసి, మా ఇంటికన్నా ముందు అక్కకే ఫోన్ చేశాను. తీసుకున్నారా అని అడిగింది. తీసుకున్నారన్నాను.

"అయితే ఇగ అన్నం తింట," అంది.