ముట్టుకుంటే బాగయ్యే మిషను

కంప్యూటర్లు బాగుచేసే ఆ మనిషిని బజారంతా వైర్ల బాబాయ్ అంటుంది. పేరుకు బాబాయే గానీ, ఆ రోజు ఎంబ్రాయిడరీ కార్ఖానా మెట్లెక్కేసరికి తాతలా ఆయాసపడ్డాడు. మళ్ళీ అక్కడినుంచే ఫోను. అదే రోగం, అదే మిషను.

డిజైన్లన్నీ యజమాని గదిలోని సర్వరులో ఉంటాయి. కుట్టు మిషన్ల పక్కనున్న పాత కంప్యూటర్లు నెట్‌వర్కు డ్రైవులోంచి వాటిని తెచ్చుకోవాలి. అన్నీ తెచ్చుకుంటాయి. అందరూ పెద్దక్క అని పిలిచే పాత పనిమనిషి కంప్యూటరు మాత్రం పని మధ్యలో డ్రైవు మీద ఎర్ర ఇంటూ గుర్తు పెట్టుకుని మొరాయిస్తుంది. సగం కుట్టిన పరదా కాస్తా పాడవుతుంది.

బాబాయ్ వచ్చి డ్రైవు నొక్కితే మాత్రం ఠక్కున తెరుచుకుంటుంది, డాక్టరు గుమ్మంలోకి రాగానే జ్వరం దిగినట్టు. కేబుళ్ళు మార్చాడు, అవన్నీ వచ్చి కలిసే నెట్‌వర్కు స్విచ్చు మార్చాడు. అంతా బూడిదలో పోసిన పన్నీరే.

"నువ్వొస్తే బాగానే ఉంటుందిగా బాబాయ్! ఆవిడకే పని మీద ధ్యాస లేదు. ఇవాళా ఏమీ తేలకపోతే రేపట్నుంచి దారాలు కత్తిరించే బల్లకి పంపేస్తా," అన్నాడు యజమాని.

పెద్దక్క జుట్టు ఆ మిషను ముందే నెరిసింది. ఆయన అటు వెళ్ళాక గొంతు తగ్గించి అడిగింది.

"నేను అబద్ధాలాడుతున్నానా తమ్ముడూ?"

"అలాగని ఎవరన్నారక్కా?"

"నోటితో అనాలా ఏంటి? నువ్వూ ప్రతిసారీ బాగానే ఉందక్కా అనేసి పోతావుగా."

బాబాయ్‌ది పొద్దున్నుంచి తిరిగిన ఒళ్ళు, సంచి విప్పే ఓపిక కూడా లేదు. స్టూలు మీద కూలబడి గోడకు జారగిలపడ్డాడు.

"నీ పని నువ్వు చేసుకో అక్కా. ఇవాళ నేను దేన్నీ ముట్టుకోను."

పక్కవాళ్ళవి చిన్న చిన్న పూలు. క్షణానికో డిజైను సర్వరును అడుగుతున్నారు. పెద్దక్కది పరదా నిండా పాకే తీగ. ఒక ముక్క తెచ్చుకుంటే అది కుట్టడానికే చాలాసేపు పడుతుంది. బాబాయ్‌కి కునుకు పట్టింది. కళ్ళు తెరిచేసరికి తెర మీద ఎర్ర గుర్తు!

"ఆగక్కా, ముట్టుకోకు!"

అప్పుడు తెలిసొచ్చింది. చాలాసేపు ఉలుకూ పలుకూ లేని కంప్యూటరును, ఇక పని లేదేమోనని సర్వరే వదిలేస్తోంది. మళ్ళీ తనంతట తాను కలుపుకునే తెలివి ఆ పాత కుట్టు ప్రోగ్రాముకు లేదు. ఇన్నాళ్ళూ బాబాయ్ వచ్చి నొక్కి, తానే దాన్ని కలిపి, బాగానే ఉందని చెప్పి పోతున్నాడు.

కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి, సర్వరులో అలా వదిలేసే ఏర్పాటును తీసేశాడు. ఈసారి తీగ చివరిదాకా ఆగకుండా సాగింది.

"సరేలే, ఆ మిషను మీదే కూర్చో," అన్నాడు యజమాని గుమ్మంలోంచే.

"కూర్చోవడం సంగతి తర్వాత బాబూ. పాడైన పరదాలు నావల్ల కాదని ఇక్కడే చెప్పు. తిట్టింది ఇక్కడేగా."

ఆయన ఏదో గొణిగాడు. పెద్దక్క మిషను ఆపేసింది. పక్కవాళ్ళూ ఒక్కొక్కరే ఆపారు.

"తప్పు సర్వరుది. ఆవిడది కాదు," అన్నాడాయన నేలచూపులు చూస్తూ.

"ఆ, ఇక పని చేసుకోనివ్వు," అంది పెద్దక్క.